నిదానపు బోగీ

విజయవాడ

చిరంజీవి అమ్మడికి,

పరీక్షలు అయిపోయాయనీ, నువ్వూ నీ రూమ్మేటూ బెర్లిన్‌లో రైలెక్కి ప్రాగ్, వియన్నా, వెనిస్, మిలాన్ చుట్టి రావాలనుకుంటున్నారనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఆడపిల్లలు ఇద్దరే వెళ్తున్నారని మీ అమ్మ బెంగపడుతోంది. నాకా బెంగ లేదు. టీటీఈగా నా ఉద్యోగమంతా రైళ్లలో మనుషుల్ని చూస్తూనే గడిచింది. దొంగల వల్ల చెడిన ప్రయాణాలు కొన్ని చూశాను. కలిసి బయల్దేరినవాళ్లు సగం దారిలో మాటలు మానేయడం వల్ల చెడినవి అంతకంటే చాలా ఎక్కువ చూశాను. అందుకే ఈ ఉత్తరం.

రైల్వేలో ఒక నియమం ఉంది. బండికి ఎన్ని కొత్త బోగీలు తగిలించినా, వాటిలో దేనికి అనుమతించిన వేగం అన్నిటికన్నా తక్కువో, బండి మొత్తం ఆ వేగం దాటకూడదు. ఇంజిను ఎంత బలమైనదైనా సరే. ఇద్దరి ప్రయాణానికీ అదే నియమం పెట్టుకో. ఎవరి కాళ్లు ముందు అలుస్తాయో, ఎవరి పర్సు ముందు ఖాళీ అవుతుందో, వాళ్లే కొలత.

ముందు డబ్బు సంగతి. రిటైరయ్యాక నేనూ, నాతో పనిచేసిన గార్డుగారూ ఆ దారిలో తిరిగినప్పుడు మేం కొన్నది యూరప్ బయట ఉండేవాళ్లకిచ్చే యూరైల్ పాస్. మీరు జర్మనీలో ఉంటున్నారు కాబట్టి మీకు ఇంటర్‌రైల్ వర్తిస్తుంది. 28 నిండనివాళ్లకి ధర కూడా తగ్గుతుంది. పాస్ చేతిలో ఉంది కదా, ఇంకేం ఖర్చు అనిపిస్తుంది. కానీ రాత్రి బండిలో బెర్తుకి విడిగా కట్టాలి. ఇటలీలో ఫ్రెచ్చారోస్సా లాంటి వేగం బండ్లలో సీటు రిజర్వేషన్‌కీ విడిగా కట్టాలి. మీరుండే జర్మనీలో ఆ పాస్ వెళ్లేటప్పుడు ఒక ప్రయాణానికీ, వచ్చేటప్పుడు ఒక ప్రయాణానికీ మాత్రమే పనికొస్తుంది. ఇవన్నీ కాగితం మీద వేసి, మొత్తం ఎంతవుతుందో ఇద్దరూ చూశాకే టికెట్ల జోలికి వెళ్లండి.

నీ రూమ్మేటు వీసా కోసం ముందే డబ్బు వేసిపెట్టిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలనెలా వచ్చే డబ్బుతో, పార్ట్‌టైమ్ పనితో నెట్టుకొస్తోందనీ, ఊళ్లో చదువు లోను ఉందనీ నువ్వే ఒకసారి చెప్పావు. అలాంటివాళ్లు ‘నా దగ్గర అంత లేదు’ అని నోరు తెరిచి చెప్పరు. ‘నాకు ఆకలిగా లేదు, నువ్వు తిను’ అంటారు. ఆ మాట వినగానే నువ్వు లేచి వేరే హోటల్ చూడాలి. జాలిపడి బిల్లు నువ్వే కట్టేయడం సులువే. ఒకటి రెండుసార్లు సరదాగానే ఉంటుంది, ఆ తర్వాత ఆ పిల్ల తల వంచుకుని తినాల్సి వస్తుంది. తను నీతో సమానంగా కట్టగలిగిన చోటికే ఇద్దరూ వెళ్లండి. సూపర్‌మార్కెట్‌లో బ్రెడ్డూ పెరుగూ పళ్లూ కొనుక్కుని, ఇంటి నుంచి వచ్చిన కారప్పొడి జల్లుకుని బండిలో తింటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు కదా, శనివారమే సరుకు చూసుకోండి. ఏ రోజు లెక్క ఆ రాత్రే రాసి తేల్చేసుకోండి. మర్నాటికి వాయిదా పడిన లెక్క మనసులో వడ్డీతో పెరుగుతుంది.

తర్వాత కాళ్ల సంగతి. వెనిస్ స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా పెద్ద కాలువే. పాత ఊళ్లో కార్లు తిరగవు. పడవెక్కాలి, లేదా నడవాలి. నడిస్తే వంతెన వంతెనకీ మెట్లు. మా గార్డుగారు మోకాళ్లు నొప్పి అని ఒక్కసారీ అనలేదు. వంతెన దిగిన ప్రతిచోటా ఆగి, ‘ఈ గాజు బొమ్మలు ఎంత బావున్నాయో చూడండి’ అంటూ దుకాణం అద్దం మీద చెయ్యి ఆన్చి నిలబడేవారు. ఆయన చూపు బొమ్మల మీద ఉండేది కాదు, ఆయాసం తీర్చుకునేవారు. మీరు కుర్రవాళ్లే అయినా అలసట ఇద్దరికీ ఒకే వేళకి రాదు. ఎవరి సంచి వాళ్లు ఎత్తి పై అరలో పెట్టుకోగలిగినంతే సర్దుకోండి. రోజులో కాసేపు ఎవరి దారిన వాళ్లు తిరిగి రండి. సాయంత్రం చెప్పుకోవడానికి కబుర్లుంటాయి.

అక్కడ కొన్ని బండ్లు మధ్యలో విడిపోయి, సగం బోగీలు ఒక ఊరికీ సగం ఇంకో ఊరికీ పోతాయి. బోగీ మీది బోర్డు చదివే ఎక్కండి. ఒకరు ఎక్కి ఒకరు కిందే ఉండిపోతే, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఉండాలి, రెండోవాళ్లు వెనక బండిలో రావాలి. ఈ ఒప్పందం ముందే చేసుకోండి. పాస్‌పోర్టూ, పాస్ ఉన్న ఫోనూ ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. కనెక్షన్ తప్పితే ఎవరి వల్ల అని పంచాయితీ పెట్టకండి, ముందు తర్వాతి బండి చూడండి.

నిదానపు బోగీ నియమం ఒక్కచోట చెల్లదు. చాలా స్టేషన్లలో గేట్లుండవు, నేరుగా బండెక్కేయొచ్చు. ఎక్కకముందే ఆ ప్రయాణాన్ని ఫోనులో పాస్‌కి జతచేయాలన్నది షరతు. కొందరు కండక్టర్ కనపడేదాకా ఆగుతారు, రాకపోతే పాస్‌లో ఒక రోజు మిగిలిందని సంబరపడతారు. మీలో ఎవరికి ఆ ఆలోచన వచ్చినా రెండోవాళ్లు వద్దనాలి. డబ్బులో, ఓపికలో తక్కువున్నవాళ్ల కోసం తగ్గు. నిజాయితీలో మాత్రం ఎవరి కోసమూ తగ్గకు.

చివరగా, మీ దారిలో ఆగి చూడాల్సిన రెండు చోట్లు. ప్రాగ్ ప్రధాన స్టేషన్‌లో ఒకటో ప్లాట్‌ఫారం మీద ఒక విగ్రహం ఉంది. చంకలో పసివాడు, పక్కన ఒక ఆడపిల్ల, ఒక సూట్‌కేసు. ఆయన నికోలస్ వింటన్, లండన్ స్టాక్ బ్రోకర్. 1938 డిసెంబరులో సెలవులకి స్విట్జర్లాండ్ వెళ్లి మంచు మీద స్కీయింగ్ చేయాలనుకున్నాడు. ప్రాగ్‌లో శరణార్థులకి సాయం చేస్తున్న స్నేహితుడు ఫోన్ చేసి, అది మానేసి ఇటు రమ్మన్నాడు. వెళ్లాడు. తోటివాళ్లతో కలిసి 669 మంది పిల్లల్ని, ఎక్కువగా యూదుల పిల్లల్ని, హిట్లర్ బారిన పడకుండా ఇంగ్లండ్ చేర్చాడు. చాలామంది వెళ్లింది రైళ్లలోనే. 1939 సెప్టెంబరు 1న ఇంకో బండి బయల్దేరాల్సింది. ఆ రోజే యుద్ధం మొదలైంది, బండి కదల్లేదు.

మిలాన్ సెంట్రల్‌లో మీరు దిగే ప్లాట్‌ఫారాల కింద ఇంకో అంతస్తు ఉంది. టపా బోగీలు నింపడానికి కట్టింది. పైనున్న ప్రయాణికుల కంట పడకుండా అక్కడ యూదుల్ని బోగీల్లో కుక్కి, లిఫ్టుతో పట్టాల మీదికి ఎత్తి, 1944 జనవరి 30న ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి పంపారు. ఇప్పుడది స్మారకం. ఈ రెండు చోట్లా కాసేపు ఆగండి.

స్నేహితుడు పిలిచినా వింటన్ తన సెలవులకే వెళ్లి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అనుకున్న పని వదులుకుని పక్క మనిషి అవసరానికి తిరగడం ఒక్కరోజులో వచ్చే గుణం కాదు, చిన్న విషయాల్లో అలవాటు కావాలి. రూమ్మేటుకి జ్వరం తగిలితే వియన్నా రాజప్రాసాదం టికెట్టు వదిలేసి, గదిలో గంజి కాచి ఇవ్వడంతో అది మొదలవుతుంది.

ఈ ఉత్తరం ఆ అమ్మాయికీ చదివి వినిపించు. నీ గురించి ఎంత చెప్పానో తన గురించీ అంతే చెప్పాను కాబట్టి మొహమాటపడకు. ఇందులో తనకి నచ్చని మాట ఏదైనా ఉంటే పాస్ కొనకముందే ఇద్దరూ మాట్లాడుకోండి. బండెక్కాక ఆ మాటలు కష్టం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న