రంగు ఒక్కటే అయితే గీత ఎక్కడ పడింది?

 

మొన్న ఆదివారం సత్సంగం అయ్యాక ఒక అబ్బాయి ఆగాడు. అమెరికాలో చదువుకుంటున్నాడు, సెలవులకి వచ్చాడు. "గురువుగారూ, అక్కడ తెల్లా నల్లా గొడవ చూస్తే భయమేస్తుందండీ. మన దగ్గర అది లేదు, నయం. అందరం ఒకే రంగు కదా" అన్నాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ వారం ఇదే చెప్పుకుందాం.

నిజమే, రంగు సంగతికొస్తే మన దేవుళ్ళు ఎప్పుడో తేల్చేశారు. కృష్ణుడంటేనే నల్లనివాడు. రాముడు నీలమేఘశ్యాముడు. ద్రౌపదికి కృష్ణ అనే పేరుంది. భారతం చెప్పిన వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు, యమునలో పడవ నడిపిన సత్యవతి కొడుకు. (ఇంత నల్లటి దేవుళ్ళకి మొక్కుతూ పెళ్ళిచూపుల్లో "అమ్మాయి చామనఛాయండీ" అని గొంతు తగ్గిస్తాం చూడండి, దాని గురించి ఇంకో వీడియో చేయాలి.)

వర్ణం అంటే రంగు అనే అర్థం కూడా ఉంది. శాంతిపర్వంలో భృగు మహర్షికీ భరద్వాజుడికీ జరిగే సంభాషణలో సరిగ్గా ఈ మాటే వస్తుంది. భృగువు నాలుగు వర్ణాలకీ నాలుగు రంగులు చెప్తాడు: తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు. భరద్వాజుడు ఊరుకోడు. స్వామీ, రంగును బట్టే అయితే ప్రతి వర్ణంలోనూ అన్ని రంగులవాళ్ళూ కనపడుతున్నారే! కోపం, భయం, దుఃఖం, ఆకలి అందరికీ ఉన్నాయి. చెమట అందరికీ పడుతోంది, నెత్తురు అందరిలోనూ ఉంది. ఇంక తేడా ఎలా పట్టేది? అంటాడు. నాకు భలే ఇష్టం ఈ ప్రశ్న. గురువు చెప్పాడు కదా అని తలూపేయలేదు.

భృగువు కోప్పడలేదు. అసలు భేదమే లేదయ్యా, ఈ జగత్తంతా బ్రహ్మమయమే, కర్మల వల్ల వేరు వేరుగా అయింది అన్నాడు. కర్మ అంటే చేసే పని, నడిచే నడత. ఇంటిపేరు కర్మ కాదు. ఇది నేను గట్టిగానే చెప్తాను, ఎవరేమనుకున్నా సరే.

రంగు ఒకటైతే మనుషులు కలిసిపోతారా? రువాండా చూడండి. ఆఫ్రికాలో చిన్న దేశం. హుటూలు, టుట్సీలు ఒకే కొండల మీద ఇరుగుపొరుగున ఉండేవాళ్ళు. మాట్లాడే భాష కిన్యర్వాండా ఒక్కటే. ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళు, వియ్యాలు కూడా అందుకునేవాళ్ళు. ఆ పేర్లు పాతవే, కానీ 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డులిచ్చి, ఎవరు ఏ జాతో అందులో రాసేశారు. 1994లో దారుల్లో అడ్డుకట్టలు వేసి ఆ కార్డులు అడిగారు. మొహం చూస్తే తెలియదు కాబట్టే కదా కార్డు అడగాల్సి వచ్చింది! సుమారు 100 రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపేశారు. తర్వాత ఆ దేశం కార్డుల్లోంచి జాతి గడి తీసేసింది.

మన దగ్గర కార్డు కూడా అక్కర్లేదు. "మీ ఇంటిపేరేంటి నాన్నా?" "మీదే ఊరు? అక్కడ ఎవరి తాలూకు?" రెండు ప్రశ్నలు చాలు. ఆ అబ్బాయి ఉండే అమెరికాకీ ఇది మనతోపాటే విమానం ఎక్కింది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అడిగితే చేసింది కాదు, మనవాళ్ళే వెళ్ళి అడిగారు.

ఇక నా సంగతి. ఐదేళ్ళ క్రితం ధనుర్మాసంలో ఒక కుర్రాడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి ప్రసాదం వంటలో సాయం చేసేవాడు. ఉద్యోగం చేసుకునే పిల్లాడు, చలిలో బండి మీద వచ్చేవాడు. ఒకరోజు మాలో ఒక పెద్దాయన ఇంటిపేరు అడిగారు. చెప్పాడు. ఆయన చాలా మెత్తగా, "నువ్వు బయట చెప్పుల దగ్గర చూసుకో నాన్నా, ఇక్కడ మేం చూసుకుంటాంలే" అన్నారు. నేను అక్కడే పొంగలి కలుపుతున్నాను. విన్నాను. గరిటె ఆపలేదు.

అతను ఆ రోజు చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. మర్నాడు రాలేదు. నేను ఫోన్ చేయడానికి పదకొండు రోజులు పట్టింది. "చలికి లేవలేకపోతున్నానండీ" అన్నాడు. అది అబద్ధమని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని అన్నాడు. ఆ నెలంతా నేను వేదిక మీద చెప్పింది గోదాదేవి భక్తి గురించి.

అందుకే ఆ అబ్బాయి "మన దగ్గర లేదు" అన్నప్పుడు వెంటనే ఏమీ అనలేకపోయాను.

ఈసారి ధనుర్మాసానికి వంటవాళ్ళ పట్టీలో ఇంటిపేర్లు రాయడం లేదు. పెద్దాయనతో కూర్చుని మాట్లాడాను, తేలిగ్గా ఏమీ జరగలేదు, ఇంకా ముభావంగానే ఉన్నారు. ఆ కుర్రాడికి నిన్న ఫోన్ చేసి జరిగిందంతా ఎత్తి, క్షమించమని అడిగాను. మొదటి రోజు పొంగలి నువ్వే కలపాలి అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చూస్తానండీ" అన్నాడు.