గోధుమ అప్పం, గోధుమ పడని బిడ్డ

కతోలిక కుటుంబాల్లో ఏడెనిమిదేళ్ల బిడ్డకు సీలియాక్ వ్యాధి ఉందని తేలితే డాక్టరు ఒక్కరే తీర్చలేని చిక్కొకటి వచ్చిపడుతుంది. మొదటి దివ్యసత్ప్రసాదం అందుకునే వయసూ అదే. 1983 నాటి శ్రీసభ చట్టస్మృతి 924వ నిబంధన ప్రకారం ఆ ప్రసాదపు అప్పం గోధుమతోనే చేయాలి. సీలియాక్ ఉన్నవాళ్లు బతికినన్నాళ్లూ మానేయాల్సిన ధాన్యాల్లో మొదటిది గోధుమే.

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ కడుపులో పడితే ఈ బిడ్డల రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు మీదే తిరగబడుతుంది. చిన్నపేగులో ఆహారాన్ని పీల్చుకునే ఆంత్ర చూషకాలు అరిగిపోతాయి. విరేచనాలు, కడుపుబ్బరం, మందులకు లొంగని రక్తహీనత, ఎదగకపోవడం దీని లక్షణాలు. ముందుగా రక్తంలో టీటీజీ ఐజీఏ యాంటీబాడీలు, మొత్తం ఐజీఏ చూస్తారు. ఆపైన చాలామందికి ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా బిడ్డ గోధుమ తింటూనే ఉండాలి. అనుమానం రాగానే మాన్పించేస్తే యాంటీబాడీలు తగ్గిపోయి, రోగం ఉన్నా లేనట్టే రిపోర్టు రావచ్చు. ఏడుస్తున్న బిడ్డకు మరికొన్నాళ్లు గోధుమ పెట్టడం తల్లికి కష్టమే, కానీ నిజం తేలాలంటే మరో దారి లేదు.

ఇక విశ్వాసం అడిగే ప్రశ్న. ప్రభువు శరీరంగా మారిన అప్పం బిడ్డకు హాని ఎలా చేస్తుంది? పరీక్ష చేయించడం నమ్మకం లేకపోవడం కాదా? దీనికి జవాబు 13వ శతాబ్దంలోనే వేదాంతి థామస్ అక్వినాస్ రాతల్లో ఉంది. అభిషేకంతో మారేది అప్పం సారం. రంగు, రుచి, బరువు లాంటి గుణాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఒంటి మీద పనిచేసే శక్తితో సహా. అందుకే ఆ అప్పం ఆకలి తీర్చగలదు, ఆ ద్రాక్షారసం మత్తెక్కించగలదు. అభిషేకించిన పాత్రలో విషం కలిసిందని తెలిస్తే గురువు తాను తాగకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, దాన్ని వేరే పాత్రలో భద్రపరచాలి అని కూడా ఆయనే రాశాడు. అక్వినాస్‌కు గ్లూటెన్ సంగతి తెలియదు. అయినా ఆయన తర్కాన్ని పట్టుకుంటే అభిషేకించిన అప్పంలో గ్లూటెన్ కూడా చెక్కుచెదరదు. కాబట్టి బిడ్డకు రక్తపరీక్ష చేయించిన తల్లి సిద్ధాంతాన్ని ఏమాత్రం దాటలేదు. విశ్వాసం ఉంటే ఏమీ కాదని అప్పం మింగించేవాళ్లే దాటుతున్నారు.

మరి గోధుమ బదులు బియ్యప్పిండి వాడవచ్చు కదా? వాటికన్ ఒప్పుకోలేదు. గ్లూటెన్ పూర్తిగా తీసేసిన అప్పం చెల్లదనీ, అప్పంగా నిలవడానికి సరిపడా గ్లూటెన్ ఉంటే చెల్లుతుందనీ 1995లో, మళ్లీ 2003లో విశ్వాస సిద్ధాంత విభాగం అధిపతిగా కార్డినల్ రాట్జింగర్ స్పష్టం చేశారు. 2017లో కార్డినల్ రాబర్ట్ సారా లేఖ అదే మాట గుర్తుచేసింది. అమెరికాలోని న్యూజెర్సీలో 2004లో ఎనిమిదేళ్ల పాప బియ్యపు అప్పంతో అందుకున్న మొదటి సత్ప్రసాదం చెల్లదని అక్కడి పీఠం తేల్చింది. అన్నమే ఆహారమైన దేశాల్లో ఈ పట్టుదల వింతగా తోచడం సహజం. ప్రభువు చివరి విందులో చేసినదాన్ని మార్చే అధికారం తనకు లేదన్నది శ్రీసభ వాదన. ఆ వాదన నచ్చకపోయినా, బిడ్డకు దారి మూసేశారనడం మాత్రం సరికాదు. అప్పంలోనూ ద్రాక్షారసంలోనూ, దేనికదిగా, క్రీస్తు సంపూర్ణంగా ఉంటాడని ట్రెంట్ మహాసభ 1551లోనే ప్రకటించింది. ద్రాక్షారసం ఒక్కటే తీసుకున్న బిడ్డకు లోటేమీ లేదు. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని క్లైడ్‌లో బెనెడిక్టిన్ మఠకన్యలు అతి తక్కువ గ్లూటెన్‌తో గోధుమ అప్పాలు కూడా తయారుచేశారు. అవి తమ బిడ్డకు సరిపడతాయో లేదో డాక్టరునే అడగాలి.

లోపం కనిపించేది ఆచరణలో. బలిపూజలో గురువు అప్పం విరిచి చిన్న తునకను ద్రాక్షారసపు పాత్రలో వేస్తారు. ఆ పాత్రలోంచి తాగితే గ్లూటెన్ కూడా లోపలికి పోతుంది. ప్రజలకు అప్పం ఒక్కటే ఇచ్చే దేవాలయాల్లో ఈ సంగతి ఎవరికీ తట్టదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తర భారతంలో 1.23 శాతం పెద్దల్లో, దక్షిణాన 0.10 శాతం మందిలో కనిపించాయి. తెలుగు విచారణల్లో చాలామంది గురువులకు ఇలాంటి బిడ్డ ఎదురుపడకపోవడం ఆశ్చర్యం కాదు. ఇంట్లోనూ ఇదే తంతు: చపాతీ, బొంబాయి రవ్వ ఉప్మా మాన్పిస్తారు గానీ, పులిహోరలో వేసే ఇంగువ పొడిలో మైదా కలిసి ఉండవచ్చని గుర్తురాదు.

అందుకే రిపోర్టు చేతికి రాగానే తల్లిదండ్రులు విచారణ గురువును కలవాలి. తునక వేయని, ఇతరులు పెదవి ఆనించని వేరే పాత్రలో బిడ్డకు ద్రాక్షారసం సిద్ధం చేయమని ముందే అడగాలి.