ప్రయోగశాలలో శిష్యధర్మం

విద్య నేర్చినవాడు గురువుకు ఋణపడి ఉంటాడన్నది ఈ దేశంలో చిరకాలంగా అంగీకరించిన మాట. ఆ ఋణం ఎట్లా తీరుతుందన్న విషయంలో మాత్రం పెద్దలు ఏకాభిప్రాయులు కారు. శుశ్రూష చేత తీరుతుందన్నవారు కలరు. దక్షిణ చేత తీరుతుందన్నవారు కలరు. నేర్చినదాన్ని మరొకరికి నేర్పినప్పుడే తీరుతుందన్నవారూ కలరు. జీవసాంకేతిక శాస్త్రంలో పరిశోధన చేసే విద్యార్థి విషయంలో ఈ పాత ప్రశ్న కొత్త రూపు ధరించింది. గురువు ఒక ఫలితాన్ని ఆశిస్తున్నాడు. శిష్యుని చేతిలోని గొట్టం వేరొక ఫలితాన్ని చూపుతున్నది. అప్పుడా శిష్యుడు ఎవరికి ఋణపడి ఉన్నాడు?

సత్యమే చెప్పవలెనని చిన్నపిల్లవాడైనా బదులు చెప్పగలడు. అయితే ప్రయోగశాలలో శిష్యుని స్థితి ఎటువంటిదో ఎరిగినవారికి ప్రశ్న అంత తేలికగా కనిపించదు.

ఈ విద్య కేవలం పుస్తకం వల్ల అబ్బేది కాదు. మిల్లీలీటరులో వెయ్యోవంతు ద్రవాన్ని పిపెట్టుతో తీయవలెనంటే దాని మీట మీది బొటనవ్రేలిని ఎంత మెల్లగా వదలవలెనో పక్కన నిలబడి చూచి నేర్చుకోవలసిందే. కణాలు పెరిగే పాత్ర మూతను అజాగ్రత్తగా తెరిస్తే బూజు చేరి వారాల శ్రమ పాడైపోతుంది. ఇటువంటి పనులు చేతికి పట్టుబడటానికి నెలలు పడతాయి. భారతదేశంలో పరిశోధక విద్యార్థికి సాధారణంగా మొదట రెండేళ్లు జూనియర్ ఫెలోషిప్, ఆపైన మూడేళ్లు సీనియర్ ఫెలోషిప్ లభిస్తాయి. ఆ వేతనం కొనసాగటానికి గురువు సమ్మతి కావలె. సిద్ధాంత వ్యాసం సమర్పించటానికి ఆయన సంతకం కావలె. పిమ్మట ఉద్యోగానికి ఆయన సిఫారసు కావలె. శిష్యుని వర్తమానం, భవిష్యత్తు రెండూ చాలవరకు ఒక్క మనిషి అనుగ్రహం మీద నిలిచి ఉంటాయి.

ఇంత పరాధీనుడైన వానికి శాస్త్రం మొదటిలోనే ఒక విచిత్రమైన పని అప్పగిస్తుంది. 1983లో కారీ మల్లిస్ ఊహించిన పాలిమరేస్ చైన్ రియాక్షన్ అనే పద్ధతిలో ఒక డి.ఎన్.ఏ. ముక్క కొన్ని గంటలలో కోట్ల ప్రతులుగా పెరుగుతుంది. విద్యార్థి పది గొట్టాలు సిద్ధం చేస్తే అందులో ఒక దానిలో తక్కిన పదార్థాలన్నీ వేసి డి.ఎన్.ఏ. మాత్రం వేయడు. ఆ గొట్టంలో ఏమీ పెరగకూడదు. పిమ్మట జెల్‌ను అతినీలలోహిత కాంతిలో చూచినప్పుడు దాని వరుస ఖాళీగా ఉండవలె. అక్కడ కూడ గీత మెరిసినట్లయితే ఎక్కడో మాలిన్యం చేరిందన్నమాట. తక్కిన తొమ్మిది గొట్టాలు ఎంత చక్కని ఫలితం చూపినా అప్పుడు వాటిని నమ్మటానికి వీలులేదు.

తన మాటకు విరుద్ధంగా సాక్ష్యం చెప్పగల సాక్షిని తానే పిలిచి కూర్చుండబెట్టటం న్యాయస్థానంలో ఏ కక్షిదారూ చేయని పని. ప్రయోగశాలలో అది నిత్యకృత్యం. నోటుపుస్తకం సంగతీ అంతే. పుటలకు వరుసగా అంకెలుంటాయి. వ్రాత సిరాతోనే సాగవలె. తప్పును చెరపరాదు, చదవటానికి వీలుగా ఒక్క గీత మాత్రం కొట్టవలె. కాబట్టి ఈ శిక్షణలో హస్తనైపుణ్యం సగమే. తన కోరికకు లొంగకుండ చూడటం నేర్చుకోవటం తక్కిన సగం.

ప్రలోభం వచ్చేది కూడ ఇక్కడే. అర్ధరాత్రి దాటింది. ప్రయోగశాలలో మరెవ్వరూ లేరు. ఖాళీగా ఉండవలసిన వరుసలో సన్నని గీత కనిపించింది. ఆ వరుస చిత్రం అంచున ఉన్నది. అంచును కత్తిరిస్తే దాని సంగతి ఎవరికీ తెలియదు. అప్పుడు మనస్సు చెప్పే మాట ‘మోసం చెయ్యి’ అని ఉండదు. ‘గురువుగారి ఊహ తప్పు కాజాలదు, లోపం నీ చేతిలోనే ఉన్నది, నీ చేతి లోపాన్ని పైకి చూపి ఆయన సిద్ధాంతానికి ఎందుకు కళంకం తెస్తావు?’ అని ఉంటుంది. అసత్యం వినయ వేషంతో, గురుభక్తి వేషంతో వస్తుంది. ఆ వేషాన్ని గుర్తించటమే కష్టం.

వ్యవస్థ కూడ ఈ వేషానికి కొంత అలంకారం సమకూర్చింది. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2016లో చేసిన నిబంధనల ప్రకారం సిద్ధాంత వ్యాసం సమర్పించక ముందే పత్రికలో ఒక పరిశోధన వ్యాసమైనా ప్రచురించి ఉండవలె. 2022లో వచ్చిన నిబంధనలలో ఆ నిర్బంధం లేదు. ఇది మేలైన మార్పే. కాని ఉద్యోగాల ఎంపికలో వ్యాసాలను లెక్కపెట్టే అలవాటు నిబంధన మారినంత మాత్రాన పోయేది కాదు. లెక్కపెట్టేవారికి సఫలమైన ప్రయోగం కనబడుతుంది. నిజాయితీతో పారవేసిన తొమ్మిది గొట్టాలు కనబడవు.

ఇంతవరకు శిష్యుని ధర్మం. గురువుకూ ఒక ధర్మం కలదు. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ షాట్జ్ అనే 23 ఏళ్ల పరిశోధక విద్యార్థి స్ట్రెప్టోమైసిన్‌ను ఉత్పత్తి చేసే సూక్ష్మజీవిని వేరు చేశాడు. క్షయకు తొలిసారిగా పనిచేసిన యాంటీబయాటిక్ అదే. నేలలోని సూక్ష్మజీవులలో అటువంటి మందులను క్రమపద్ధతిలో వెదికే మార్గం ఆయన గురువు సెల్మన్ వాక్స్‌మన్‌ది. రాబడిలోను, కీర్తిలోను తన భాగం కొరకు శిష్యుడు 1950లో న్యాయస్థానానికి వెళ్లాడు. రాజీ కుదిరి ఆయనను సహ ఆవిష్కర్తగా అంగీకరించారు. అయినా 1952లో నోబెల్ బహుమతి గురువు ఒక్కరికే దక్కింది. మార్గం చూపినవాడు గొప్పవాడా, ఆ మార్గాన నడిచి వస్తువును తెచ్చినవాడు గొప్పవాడా అన్న వాదం తెగేది కాదు. కాని ఏకలవ్యుని బొటనవ్రేలు అడిగిన దక్షిణ న్యాయమైనదని నేటికీ ఎవరి మనస్సూ పూర్తిగా ఒప్పుకోదు. పిపెట్టు మీట నొక్కేదీ ఆ వ్రేలే.

దీనికి భిన్నమైన ఉదాహరణ మరొకటి కలదు. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో పాల్ బెర్గ్ వద్ద పరిశోధన చేస్తున్న జానెట్ మెర్ట్జ్ అనే విద్యార్థిని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోని ఒక వేసవి శిక్షణకు వెళ్లింది. కోతులలో ఉండే ఒక వైరస్ డి.ఎన్.ఏ.ను మానవుల ప్రేగులలో నివసించే జాతి బాక్టీరియాలో చేర్చే ఆలోచన తమ ప్రయోగశాలలో ఉన్నదని ఆమె అక్కడ దాపరికం లేకుండ చెప్పింది. ఆ వైరస్ చిట్టెలుకల వంటి జంతువులలో కంతులు కలిగించగలదు. శిక్షణ నడుపుతున్న రాబర్ట్ పోలాక్ ఆందోళనపడి బెర్గ్‌కు టెలిఫోను చేశాడు. బెర్గ్ ఇతరులను సంప్రదించి ప్రయోగంలోని ఆ భాగాన్ని ఆపివేశాడు. 1974లో ఆయనా, ఆయన సహచరులూ అటువంటి ప్రయోగాలను కొంతకాలం నిలుపవలెనని లోకానికి బహిరంగంగా విజ్ఞప్తి చేశారు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో శాస్త్రజ్ఞులు సమావేశమై జాగ్రత్తలను నిర్ణయించుకొన్నారు. బెర్గ్‌కు 1980లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తన పనిని పదిమంది ఎదుట పెట్టిన విద్యార్థిని వల్ల గురువుకు అపకీర్తి రాలేదు; శాస్త్రానికే మేలు కలిగింది.

ఏ పలుకుబడీ లేని విద్యార్థి మీద ఇంత బరువు మోపటం న్యాయమా అని అడగవచ్చును. ఆ ఆక్షేపణలో బలం ఉన్నది. ధైర్యాన్ని శిష్యుని నుండి మాత్రమే కోరే విద్య క్రూరమైనది. ఛాందోగ్యంలో సత్యకాముడు తన గోత్రం తెలియదని, తల్లి చెప్పినదంతా దాచకుండ, గౌతమునికి విన్నవించుకొన్నాడు. అది అతనికి ఉపనయనం దక్కకుండ చేయగల మాట. ఆ మాటనే గురువు అతని యోగ్యతగా స్వీకరించాడు. ఆనాడు అక్కడ పరీక్షకు నిలిచినది శిష్యుడొక్కడే కాదు.

నేటి ప్రయోగశాలలో ఆ పరీక్ష వారానికొకసారి జరిగే సమావేశంలో జరుగుతుంది. ఖాళీ గొట్టంలో గీత కనిపించిందని, నెల శ్రమ వృథా అయిందని శిష్యుడు తలవంచుకొని చెబుతాడు. అప్పుడు గురువు ‘ఎందుకిట్లా చేశావు?’ అని అడగవచ్చును, ‘చూచి చెప్పావు, మంచిది, ఏ సీసాలో మాలిన్యం చేరిందో ఇద్దరం కలిసి వెదుకుదాం’ అని కూడ అనవచ్చును. ఆ మాట విన్న శిష్యుడు మరునాటి రాత్రి చిత్రం అంచును కత్తిరించవలసిన అవసరమే ఉండదు. గురువు ఋణాన్ని అతడు అక్కడే, ఆ ఖాళీ గొట్టం దగ్గరే తీర్చుకొంటాడు.