కత్తిరించని కాలం

సింహం నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, తాను వచ్చిన దారిని ఒకసారి వెనుదిరిగి చూస్తుందని ప్రతీతి. గతాన్ని పునఃపరిశీలించడానికి సింహావలోకనమనే పేరు దానినిబట్టే ఏర్పడింది. ఒక కళాకారుని కృతులన్నింటినీ ఒకచోట చేర్చి ప్రదర్శించడాన్ని కూడ ఈ మాటతోనే వ్యవహరిస్తున్నాము. అయితే అట్టి అవలోకనం కీర్తిగానంతో ముగిసిపోరాదు. దేనిని చూడకుండా దాటివచ్చామో తెలుసుకోవడమే దాని ప్రయోజనం. బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్‌మాన్ (1950-2015) కృషిని 2024లో బ్రస్సెల్స్‌లోని బోజార్ కళాకేంద్రంలోను, ఆపైన పారిస్‌లోని జ్యూ ద పోమ్‌లోను విస్తృతంగా ప్రదర్శించారు. స్త్రీవాద ప్రయోగాత్మక చిత్రాలకు దారితీసిన ఈ దర్శకురాలి విషయంలో ఆ ప్రయోజనం మరింత ముఖ్యం. చూడకుండా దాటివేసే మన అలవాటునే ఆమె జీవితాంతం ప్రశ్నించింది.

చలనచిత్రం కాలాన్ని కత్తిరించి అతికే కళ. కథానాయిక పొయ్యిమీద ఎసరు పెడుతుంది. మరుక్షణం విస్తట్లో అన్నం కనబడుతుంది. నడుమనున్న కాలం మాయమవుతుంది. దీనిని సాంకేతిక సౌకర్యంగా భావించడం పరిపాటి. కాని ఏ నిమిషం చూడదగినది, ఏది కాదు అన్న తీర్పు ప్రతి కత్తిరింపులోను ఇమిడి ఉంటుంది. పోరాటానికి, ప్రణయానికి దొరికే నిడివి అంట్లు తోమడానికి దొరకదు. ఒక మనిషి ఆయుర్దాయంలో అధికభాగం అట్టి పనులలోనే గడిచిపోతే, ఆ తీర్పు ఆ జీవితం మీద ఇచ్చిన తీర్పు కాదా?

ఆకెర్‌మాన్ తన 18వ ఏట, 1968లో తీసిన మొదటి లఘుచిత్రం ప్రధానంగా వంటింట్లో సాగి విస్ఫోటంతో ముగుస్తుంది. ఏడేళ్ల తర్వాత, 1975లో, అదే వంటింటికి ఆమె తిరిగి వచ్చింది. ఆ చిత్రం పేరు 'జాన్ దీల్‌మాన్'. వీధి పేరు, ఇంటి సంఖ్యలతో కూడిన బ్రస్సెల్స్ చిరునామా దాని పూర్తి శీర్షిక. నిడివి 201 నిమిషాలు. ప్రధాన పాత్రను దెల్ఫీన్ సేరిగ్ పోషించగా, బాబెట్ మాంగోల్త్ ఛాయాగ్రహణం నిర్వహించింది. సాంకేతిక వర్గంలో అత్యధికులు స్త్రీలే.

చదువుకునే కొడుకుతో నివసించే ఒక వితంతువు మూడు రోజుల జీవితం ఇందులోని కథ. ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తుంది, పక్క సర్దుతుంది, గిన్నెలు కడుగుతుంది, గది విడిచినప్పుడల్లా దీపం ఆర్పుతుంది. రోజూ మధ్యాహ్నం ఒక పురుషుడు వస్తాడు. అతడిచ్చిన డబ్బు భోజనాల బల్లమీది సూపు పాత్రలోకి చేరుతుంది. కెమెరా కదలదు, క్లోజప్ కోసం ముఖం మీదికి వెళ్లదు. తగినంత దూరంలో, ఎదురుగా నిలబడి పని పూర్తయ్యేవరకు చూస్తుంది. మొదటి రోజు ప్రేక్షకునికి విసుగు కలగవచ్చు. రెండవ రోజు దుంపలు ఎక్కువగా ఉడికిపోతాయి. ఆ గిన్నెను ఎక్కడ పెట్టాలో తోచక ఆమె గదులలో తిరుగుతున్నప్పుడు అదే ప్రేక్షకుడు కలవరపడతాడు. ఇంత స్వల్పమైన పొరపాటు విపత్తుగా తోచడానికి కారణం, ఆమె క్రమాన్ని అతడు ఆమెతోపాటు అనుభవించి ఉండడమే. సానుభూతికి సమాచారం చాలదు. కొంత కాలాన్ని కూడ వెచ్చించవలసి ఉంటుంది.

మూడవ రోజు ఆమె తన వద్దకు వచ్చిన పురుషుని కత్తెరతో పొడిచి చంపుతుంది. న్యాయస్థానం ప్రధానంగా పరిశీలించేది ఆ ఒక్క నిమిషాన్నే. చిత్రం మూడు రోజులనూ సాక్ష్యంగా మన ముందుంచుతుంది. హత్యను అది సమర్థించదు, కారణాన్ని వివరించదు. ఒక కార్యాన్ని దాని వెనుకనున్న దినచర్యనుండి విడదీసి తీర్పు చెప్పే హక్కు మనకున్నదా అని మాత్రం అడుగుతుంది.

ఈ ప్రశ్న పరిపాలనకు కూడ వర్తిస్తుంది. ఇంటిపనిని జాతీయాదాయపు గణాంకాలు లెక్కించవు. దానికి వెచ్చించే కాలాన్ని కొలిచే యత్నం భారతదేశంలో 1998-99లో ఆరు రాష్ట్రాలలో ప్రయోగాత్మకంగా ఆరంభమై, 2019లో దేశవ్యాప్త సర్వేగా విస్తరించింది. 2024 సర్వే ప్రకారం, వేతనంలేని ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. సుదీర్ఘమని పేరుపడిన ఆకెర్‌మాన్ చిత్రంకన్న ఆ స్త్రీల ఒక్కనాటి ఇంటిపనే దీర్ఘమైనదన్నమాట. విధాన నిర్ణయానికి సంఖ్య అత్యవసరం. కాని 289 అనే అంకెను చదవడానికి ఒక క్షణం చాలు. అందులోని బరువు ఆ క్షణంలో అందదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశమున్నది. ప్రేక్షకుడు 201 నిమిషాల తర్వాత లేచి ఇంటికి వెళతాడు. చాకిరీ చేసేవారికి ఆ వెసులుబాటు లేదు. పరుల శ్రమను తీరికగా చూసి ఆనందించడం కూడ ఒక విధమైన భోగం కాదా? ఈ ఆక్షేపణను పూర్తిగా తోసిపుచ్చలేము. ఆకెర్‌మాన్ మాత్రం ఈ లెక్కనుండి తనను మినహాయించుకోలేదు. 'న్యూస్ ఫ్రమ్ హోమ్' చిత్రంలో న్యూయార్క్ వీధులు కనబడుతుండగా, ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరంనుండి ప్రాణాలతో బయటపడిన తన తల్లి వ్రాసిన ఉత్తరాలను ఆమే చదివి వినిపిస్తుంది. జాబు వ్రాయమని తల్లి పదేపదే కోరుతుంది. నగరపు రొద ఆ మాటలను మింగివేస్తుంటుంది. 2015లో వచ్చిన చివరి చిత్రం 'నో హోమ్ మూవీ'లో అదే తల్లిని, ఆమె ఇంట్లోనే, ఆమె చివరి రోజులలో ఓపికగా చూస్తూ కూర్చుంది. ఇతరుల వంటింటివైపు తిప్పిన చూపు చివరికి స్వగృహానికే చేరింది.

'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952నుండి పదేళ్లకొకసారి జరిపే విమర్శకుల ఎన్నికలో 'జాన్ దీల్‌మాన్' 2022లో ప్రథమస్థానం పొందింది. ఒక స్త్రీ తీసిన చిత్రానికి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. అప్పటికి దర్శకురాలు మరణించి ఏడేళ్లయింది. ఆలస్యమైనా అది సముచిత గౌరవమే. కాని ఆ చిత్రాన్ని మెచ్చుకున్నవాడు ఇంటికి వెళ్లి, భోజనం ముగించి, గిన్నెలు ఎవరు కడుగుతున్నారో చూడకుండా లేచిపోతే, సింహం వెనుదిరిగి చూసినా దారి కనబడలేదనే చెప్పాలి.