రెండో కొన ఎవరిది?

2016 అక్టోబరు 27న ఆపిల్ సంస్థ కొత్త మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌ని జనం ముందు పెట్టింది. పేరులోనే ‘ప్రో’ ఉంది కాబట్టి అది వృత్తి నిపుణుల యంత్రమని వేరే చెప్పక్కర్లేదు. అప్పటిదాకా దాని పక్కల మీద ఉంటూ వచ్చిన పాత యూఎస్‌బీ పోర్టులు, హెచ్‌డీఎంఐ, కెమెరా మెమరీ కార్డు పెట్టుకునే సందు, అయస్కాంతంతో అతుక్కునే చార్జింగ్ పిన్ను అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. వాటి బదులు ఒకే ఆకారంలో యూఎస్‌బీ-సీ పోర్టులు వచ్చాయి, ఖరీదైన రకానికి నాలుగు, చౌక రకానికి రెండు. పాతవాటిలో బతికి బట్టకట్టింది ఇయర్‌ఫోన్ పిన్ను దూర్చే రంధ్రమే. ఖరీదైన రకాల్లో కీబోర్డు పై వరస కూడా ఎస్కేప్ మీటతో సహా మాయమై, టచ్ బార్ అనే సన్నటి తెర మిగిలింది.

ఐదేళ్లు తిరిగాయి. ఎస్కేప్ మీట 2019లోనే వెనక్కి వచ్చేసింది. 2021 అక్టోబరులో విడుదలైన 14, 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలలో హెచ్‌డీఎంఐ, కార్డు సందు, అయస్కాంతపు చార్జరు మూడూ మళ్లీ కనిపించాయి. టచ్ బార్ కనిపించలేదు.

ఈ ఐదేళ్లలో మారిందేమిటి? ఫొటోలు తీసేవాళ్లు 2016కి ముందూ కార్డుల మీదే తీశారు, 2021 తర్వాతా వాటి మీదే తీస్తున్నారు. మీటింగు హాళ్ల గోడలకు హెచ్‌డీఎంఐ తీగలు అప్పుడూ వేలాడాయి, ఇప్పుడూ వేలాడుతున్నాయి. మనుషుల పనిలో పెద్ద తేడా లేదు. పని గురించి వేరెవరో వేసుకున్న అంచనా మాత్రం ఒకసారి అటు వెళ్లి ఇటు వచ్చింది. మరి నిపుణుడికి ఏది అవసరమో ఆ రోజు తేల్చింది ఎవరు? ఏ అధికారంతో తేల్చారు?

లక్షలు పోసి కొనే వస్తువుకి ఎన్ని కన్నాలుండాలన్న రగడ తిండికి గతిలేని లోకంలో ఒక చర్చా అని ఎవరైనా విసుక్కోవచ్చు. విసుక్కోవడంలో న్యాయం ఉంది. కానీ దీని అడుగున ఉన్న ప్రశ్న చాలా పాతది. పనిముట్టు ఎలా ఉండాలో చెప్పే హక్కు దాన్ని తయారుచేసేవాళ్లదా, దానితో పనిచేసేవాళ్లదా? ఆ ప్రశ్న నాగలికీ ఉంది, మగ్గానికీ ఉంది. ల్యాప్‌టాప్‌లో అది కాస్త బాహాటంగా కనిపిస్తుంది, అంతే.

ముందు తయారీదారుల వైపు వాదన వినాలి. 1998లో అదే సంస్థ ఐమ్యాక్ నుంచి ఫ్లాపీ డ్రైవుని తీసేసినప్పుడూ గోల లేచింది. ఇవాళ ఫ్లాపీ కోసం కన్నీరు పెట్టుకునేవాళ్లు లేరు. ప్రతి పోర్టూ లోపల కొంత చోటు అడుగుతుంది, కొంత ఖర్చు అడుగుతుంది, యంత్రం ఎంత సన్నగా ఉండవచ్చో అదే శాసిస్తుంది. పదిమందిలో ఒకరికి కావలసిన దాన్ని మిగతా తొమ్మిదిమంది ఎందుకు మోయాలి? అసలు యూఎస్‌బీ పుట్టిందే పాతవాటిని తుడిచిపెట్టడానికి. 1996కి ముందు ప్రింటరుకి ఒక పోర్టు, మౌస్‌కి ఒకటి, మోడెమ్‌కి ఇంకొకటి ఉండేవి. యూఎస్‌బీ రూపకర్తల్లో ముఖ్యుడు అజయ్ భట్ మన దేశంవాడే, బరోడాలో చదువుకుని ఇంటెల్‌లో పనిచేశాడు. యూఎస్‌బీ పిన్నుని తిరగేసి పెడితే పట్టదని, అటూ ఇటూ తిప్పి చూసుకోవాల్సి వస్తోందని లోకమంతా ఆయన్ను తిట్టుకుంది. రెండు వైపులా పట్టేలా చేస్తే తీగలూ సర్క్యూట్లూ పెరిగి ఖర్చు రెట్టింపయ్యేదని ఆయన తర్వాత వివరించాడు. చౌకగా ఉంటేనే అందరూ ఒప్పుకుంటారు, అందరూ ఒప్పుకుంటేనే అది అందరిదీ అవుతుంది. కొద్దిపాటి అసౌకర్యంతో ఆయన విశాలమైన ఒప్పందాన్ని కొన్నాడు.

కాబట్టి తీసేయడమే నేరం కాదు. పాతదల్లా ఉంచి తీరాలనడం కూడా ఒక రకం బద్ధకమే. అయితే ఏది తీయవచ్చు, ఏది తీయకూడదు? గీత ఎక్కడ గీయాలి?

నాకు తోచే గీత ఒకటుంది. తెర, బ్యాటరీ, ప్రాసెసరు ఇవన్నీ యంత్రానికీ దాని యజమానికీ మధ్య వ్యవహారం. పోర్టు అలాంటిది కాదు. పోర్టులో సగమే ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, తీగ రెండో కొన వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. ఇంటికి గుమ్మం పెట్టేవాడు ఇంటివాళ్ల ఎత్తు ఒక్కటే కొలుచుకుంటే సరిపోదు, వచ్చేపోయేవాళ్లు కూడా అందులోంచే దూరాలి. పోర్టు మూయడమంటే రెండో కొన దగ్గర నిలబడ్డవాళ్లను అడక్కుండా తలుపేయడం.

ఆ రెండో కొన ఎక్కడెక్కడ ఉందో మన చుట్టూ చూస్తే తెలుస్తుంది. చార్టర్డ్ అకౌంటెంటు బల్ల సొరుగు లాగండి. అందులో బొటనవేలంత టోకెన్లు గుట్టగా ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో క్లయింటు డిజిటల్ సంతకం. ఏది ఎవరిదో తెలియడానికి తెల్ల స్టిక్కరు మీద పెన్నుతో పేరు రాసి ఉంటుంది, వేళ్లు తగిలి తగిలి అక్షరాలు చెరిగి ఉంటాయి. కంపెనీ వ్యవహారాల శాఖకు పత్రాలు పంపాలన్నా, ఆన్‌లైన్లో ప్రభుత్వ టెండరు వేయాలన్నా ఆ టోకెను గుచ్చాలి. దాని మూతి తీస్తే కనిపించేది మామూలుగా పాత పలక యూఎస్‌బీయే. గడువు చివరి రోజు రాత్రి పదకొండున్నరకి కన్వర్టరు కనిపించకపోతే ఆ ల్యాప్‌టాప్ ఎంత సన్నగా ఉంటే మాత్రం ఏం లాభం?

పెళ్లి ఫొటోగ్రాఫరు సంగతి చూడండి. ముహూర్తం తెల్లవారుజామున. జీలకర్రా బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. కార్డు నిండగానే మండపం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫొటోలు ల్యాప్‌టాప్‌లోకి ఒక కాపీ, హార్డ్‌డిస్కులోకి ఇంకో కాపీ వేసుకుంటేగాని అతని గుండె కుదుటపడదు. కార్డు సందు అతనికి ‘ఫీచరు’ కాదు, ఒక కుటుంబానికి ఇచ్చిన మాట.

ఇలాంటివాళ్లందరికీ తయారీదారులు చూపించే దారి డాంగిల్, అంటే విడిగా తగిలించుకునే కన్వర్టరు. 2016లో అసంతృప్తి సెగ తగిలి కొద్ది రోజులకే ఆపిల్ తన అడాప్టర్ల ధరలు తగ్గించింది కూడా. కానీ తగ్గిన ధరా ధరే. ల్యాప్‌టాప్‌లోంచి తీసేసిన బరువు సంచీలోకి చేరింది. యంత్రం సన్నబడిందన్న కీర్తి ఒకరికి, విడిగా కొని, మోసి, పోగొట్టుకుని మళ్లీ కొనే పని ఇంకొకరికి. ప్రతి మార్పుకీ ఒక ఖర్చు ఉంటుంది. అది ఎవరి నెత్తిన పడుతోందన్నదే మానవీయమైన ప్రశ్న. చాలాసార్లు మార్పు కోరినవాళ్లు ఒకరు, దాని ఖర్చు భరించేవాళ్లు ఇంకొకరు.

తక్కువలోనే అందముందని, నిరాడంబరతే నాగరికతని మరో వాదన. దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. తొట్లకొండ, నాగార్జునకొండ ఆరామాల నేల ఇది. బౌద్ధ భిక్షువు దగ్గర ఉండదగ్గ వస్తువులు ఎనిమిదే అని సంప్రదాయం: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, నడుముకట్టు, మంగలికత్తి, సూది, నీళ్లు వడగట్టే గుడ్డ. మనిషికి ఇంతకన్నా అక్కర్లేదని ధైర్యంగా చెప్పిన జాబితా ఇది. కానీ అందులో ఏమేం మిగిల్చారో చూడండి. సూది ఉంది, అంటే చిరిగినదాన్ని తనే కుట్టుకునే వీలు మిగిల్చారు. వడగట్టే గుడ్డ ఉంది, అంటే తాగే నీళ్లలోని పురుగు ప్రాణాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అన్నిటికీ మించి, ఆ జాబితాను భిక్షువు తానై ఒప్పుకున్నాడు. తనంతట తాను వదులుకుంటే అది త్యాగం, ఇంకెవరో తీసేసుకుంటే అది లేమి.

మన సన్నటి యంత్రాల వైరాగ్యంలో సూది లేదు. ఆ కాలపు మ్యాక్‌బుక్‌లలో వాడిన బటర్‌ఫ్లై కీబోర్డు కింద చిన్న ధూళి రేణువు చేరినా మీట మొరాయించేది. కీబోర్డు ఒక్కటే మార్చే వీలు లేక బ్యాటరీతో కలిపి పైభాగం మొత్తం మార్చాల్సి వచ్చేది. 2018లో సంస్థ ఉచిత మరమ్మతు పథకం ప్రకటించింది. చివరికి 2022లో అమెరికాలో వినియోగదారుల దావాను 5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. మిల్లీమీటర్ల పొదుపు వెల అది.

అదే సంస్థ చేసిన మంచి పని కూడా చెప్పుకోవాలి. 2006లో వచ్చిన మ్యాగ్‌సేఫ్ చార్జరు అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది. తీగకి ఎవరి కాలో తగిలితే పిన్ను ఊడిపోతుంది, ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంటుంది. జపాన్‌లో వేడినీళ్ల పాత్రలకు పిల్లలు కాలుతారన్న భయంతో ఇలాంటి తీగలు ముందే ఉన్నాయి. మనిషి తొట్రుపడతాడని, ఇంట్లో పిల్లలు పరిగెడతారని, చూపు ఎప్పుడూ నేల మీదే ఉండదని ముందే ఒప్పుకున్న పోర్టు అది. మన పొరపాటుని తప్పుగా లెక్కించకుండా దానికి చోటిచ్చింది. ఎస్కేప్ మీట విషయమూ అంతే. విమ్ లాంటి ఎడిటర్లలో ప్రోగ్రాములు రాసేవాళ్ల చిటికెనవేలు చూడకుండానే ఆ మీటని వెతుక్కుంటుంది. ఏళ్ల తరబడి వేలు నేర్చుకున్న విద్యని నున్నటి గాజు గుర్తించలేకపోయింది.

ఇక అన్నిటికీ ఒకే పోర్టు అన్న కల. యూఎస్‌బీ-సీ ఎటు తిప్పినా పడుతుంది, చార్జింగూ బొమ్మా సమాచారమూ ఒకే తీగలో పారిస్తుంది, సందేహం లేదు. కానీ దాని మొహం ఒకటే, గుణాలు వేరు. ఒక తీగ చార్జింగుకి తప్ప పెద్దగా పనికిరాదు, ఇంకొకటి సెకనుకి 40 గిగాబిట్లు మోస్తుంది, పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. 2016 నాటి 13 అంగుళాల టచ్ బార్ మోడల్‌లోనైతే కుడివైపు పోర్టులు ఎడమవైపు వాటంత వేగంగా పనిచేసేవి కావు. పాత పోర్టుల ఆకారమే వాటి పనేమిటో చెప్పేది. కొత్తదాని పని తెలుసుకోవాలంటే సన్నక్షరాల కాగితం చదవాలి. సమానత్వం రూపంలో వచ్చింది, తెలుసుకునే భారం మాత్రం వాడేవాళ్ల మీద పడింది.

అయితే నిర్ణయం ఎవరికి వదలాలి? ఐరోపా సమాఖ్య చట్టం చేసింది: ఫోన్లకు 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి యూఎస్‌బీ-సీతో చార్జింగ్ వీలుండి తీరాలి. దానితోపాటు సొంత పిన్ను కూడా పెట్టుకుంటే అభ్యంతరం లేదు. నాకు ఇందులో నచ్చింది ఆ హద్దు. ఉమ్మడి కొనని సమాజం అడిగి తీసుకుంది, మిగతాది వదిలేసింది. నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ సంస్థ 2021 నుంచి మరో దారి తొక్కింది. కావలసిన పోర్టుని చిన్న పెట్టెలా తోసి బిగించుకోవచ్చు, అక్కర్లేనప్పుడు లాగేయవచ్చు. ఎంపిక మనిషి చేతికి వచ్చింది. ఇల్లు కదిలేముందే అవతలి గదిలో ఏముందో ఊహించుకోవాల్సిన బాధ్యత కూడా దానితోపాటే వచ్చింది.

వాడేవాళ్లను కూడా ఒక మాట అడగాలి. మనకి నిజంగా ఏది కావాలో మనకైనా తెలుసా? ‘ఎందుకైనా మంచిది’ అన్న మాటతో మనం కోరే వాటిలో సగం అవసరాలు కావు, భయాలు. కాలేజీ సెమినార్ హాల్లో ఇప్పటికీ వేలాడే నీలిరంగు వీజీఏ పిన్ను 1987 నాటిది. దాని పదిహేను సూదులూ రెండు మరలూ గుచ్చుకోవడానికి ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ చోటుంచమని నేను అడగను. అక్కడ మారాల్సింది ప్రొజెక్టరు. మార్చాల్సింది కాలేజీ, సొంత జీతంతో కన్వర్టరు కొనుక్కుని వచ్చే గెస్ట్ లెక్చరరు కాదు. రెండో కొనకి హక్కులున్నట్టే బాధ్యతలూ ఉన్నాయి. మార్పు ఖర్చు మోయగలిగినవాళ్లు మోయాలి.

నా తీర్పు ఇది. ఇవాళ మన దగ్గర పనిచేసుకునేవాళ్ల ల్యాప్‌టాప్‌కి రెండు పక్కలా ఒక్కో యూఎస్‌బీ-సీ, వాటితోపాటు ఒక పాత యూఎస్‌బీ, ఒక హెచ్‌డీఎంఐ, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉండాలి. కెమెరాతో బతికేవాళ్లకు కార్డు సందు ఉండాలి. పాడైన భాగాన్ని విడిగా మార్చుకునే వీలు అందరికీ ఉండాలి. ఇది శాశ్వత జాబితా కాదు. పదేళ్లకు ఇందులో సగం చెల్లిపోవచ్చు, పోనివ్వండి. కానీ ఏ పోర్టునైనా మూసేముందు దాని అవతలి కొన దగ్గరికి వెళ్లి, అక్కడ ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూసి రండి అని తయారీదారులను అడుగుదాం. కొత్త యంత్రం కొనబోయేవాళ్లు కూడా అది ఎంత సన్నగా ఉందో చూసేముందు, తమ పని ఎవరెవరి తీగలతో ముడిపడి ఉందో ఒక కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి.