వాట్సాప్ మాట: ఆప్తవాక్యమా, ఆనవాలా?

సమాజాన్ని గురించిన జ్ఞానం ఏ ప్రమాణం వల్ల కలుగుతుంది, ఆ ప్రమాణాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది భారతీయ తర్కశాస్త్రం ఏనాటి నుంచో వేసుకుంటున్న ప్రశ్న. ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకునే సర్వేల స్థానంలోకి వాట్సాప్ గ్రూపుల సంభాషణలు, ఫేస్‌బుక్ వ్యాఖ్యలు, యూట్యూబ్ వీడియోలు వచ్చి చేరుతున్న కొద్దీ, సామాజిక పరిశోధకుడు ఆ ప్రశ్నను తప్పించుకుపోయే వీలు లేకుండా పోతోంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల గల్ఫ్ వలసను తీసుకుంటే విషయం తేటపడుతుంది. వెల్గటూర్ మండలంలోని ఒక ఇంట్లో భార్యాపిల్లలు, దుబాయిలోనో మస్కట్‌లోనో లేబర్ క్యాంపులో భర్త ఉన్నప్పుడు, ఆ కుటుంబ జీవితంలో పెద్దభాగం ఫోనులోనే జరుగుతుంది కనుక, ఫోనులో వెతికితే వలస అంతా దొరుకుతుందని అనిపించడం సహజమే.

నిజంగానే చాలా దొరుకుతుంది. ఊరి పేరిట ఒక గ్రూపు, కుల సంఘానిది ఒకటి, క్యాంపులోని తెలుగువాళ్ళది మరొకటి ఉంటాయి. పేరుకు ఒక కఫీలు, అంటే పూచీ వహించే యజమాని, కింద ఉంటూ పని మాత్రం బయట చూసుకునే ‘ఆజాద్ వీసా’ ధర ఎంత పలుకుతోంది, నివాస అనుమతి అయిన అకామా గడువు తీరితే జరిమానా ఎంత, యజమానిని వదిలి కాగితాలు లేకుండా బతుకుతున్న ‘కల్లివెల్లి’ మనిషి ఇంటికి రావాలంటే దారేది అన్న మాటలు వాటిలో నిత్యం నడుస్తుంటాయి. మూడు నెలలుగా కంపెనీ జీతం ఇస్తలేదని ఒకరు ‘అన్నలారా’ అంటూ ఆడియో పెడితే, దాని కింద పాస్‌పోర్టు ఫొటో, కంపెనీ గుర్తింపు కార్డు, రెండు మూడు ఫోన్ నంబర్లు వచ్చి చేరతాయి. పరిశోధకుడు దీన్ని చదివి తాను వలస జీవితాన్ని కళ్ళారా చూస్తున్నానని భావిస్తే అక్కడే పొరపాటు మొదలవుతుంది. ఇంద్రియానికి వస్తువుతో నేరుగా సంబంధం కలిగినప్పుడు పుట్టే జ్ఞానమే ప్రత్యక్షం. తెర మీద అతడికి ప్రత్యక్షమైనవి అక్షరాలు, శబ్దాలు మాత్రమే, క్యాంపు కాదు. మల్యాల మండలం లంబాడిపల్లిలో చిత్రించే ‘మై విలేజ్ షో’ వీడియోలలో పల్లె సహజంగా కనిపిస్తుంది; అయినా అవి నవ్వించడానికి కూర్చిన కథలన్న ఎరుక లేకుండా వాటిని పల్లె గురించిన సాక్ష్యంగా లెక్కించడం కూడా ఈ కోవలోని పొరపాటే.

ఈ సామగ్రి అంతా న్యాయ దర్శనం శబ్దం అని పిలిచే ప్రమాణం కిందికి వస్తుంది. ఆప్తుడి వాక్యమే శబ్ద ప్రమాణమని గౌతముడి సూత్రం చెప్పగా, భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఆప్తుడికి రెండు లక్షణాలు చెప్పాడు: విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగి ఉండడం, ఎరిగినదాన్ని ఎరిగినట్టే ఎదుటివారికి తెలపాలనే కోరికతో మాట్లాడడం. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని అతడు చేర్చిన మాట ప్రత్యేకంగా గమనించదగినది. చదువును బట్టి, పుట్టుకను బట్టి ఆప్తత్వం రాదు గనుక, తన జీతం గురించి తాను చెప్పే క్యాంపు కార్మికుడు ఆ విషయంలో ఏ నిపుణుడికీ తీసిపోని ఆప్తుడు. కానీ ఆ ఆడియోనే పది గ్రూపులు తిరిగి వస్తే పరిస్థితి మారుతుంది. వదంతుల వల్ల మూకహత్యలు జరిగిన తరువాత 2018లో వాట్సాప్ భారతదేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది; పదేపదే చేతులు మారిన సందేశం మీద ఇప్పుడు జంట బాణాల గుర్తు కూడా కనిపిస్తుంది. ఆ గుర్తు మాట దూరం నుంచి వచ్చిందని చెబుతుందే తప్ప మొదట పలికిందెవరో చెప్పదు.

రెండవ లక్షణమైన తెలపాలనే కోరికను పరిశోధకులు సాధారణంగా పట్టించుకోరు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. గ్రూపులోని మనిషి తన ఊరివాళ్ళకు చెబుతున్నాడు, పరిశోధకుడికి కాదు. తనను ఉద్దేశించని మాటను పక్కనుండి ఎత్తుకున్నవాడికి అది సాక్ష్యంగా మిగలదు. పొగను చూసి నిప్పును ఊహించినట్టు ఆ మాటను చూసి మనిషిని ఊహించవలసి వస్తుంది, అంటే అది లింగంగా, ఉత్త ఆనవాలుగా మారుతుంది. ఇలా ఆనవాలును బట్టి తెలుసుకునే అనుమాన ప్రమాణానికి వ్యాప్తి కావాలి, ఇది ఉన్నచోటల్లా అది ఉంటుందన్న తప్పని నియమం కావాలి. గ్రూపులో అలా మాట్లాడేవారంతా ఇలా బతుకుతారనే నియమం ఎవరి దగ్గరా లేదు. అనుమతి లేకుండా తీసుకోవడం మర్యాద కాదని మాత్రమే అనుకునేవారు ఈ సంగతి గుర్తించాలి: అలా తీసుకున్నప్పుడు తప్పు జరగడమే కాదు, చేతికి వచ్చేది కూడా తక్కువరకపు జ్ఞానమే. 2012 జనవరిలో ఒక వారం పాటు 6,89,003 మంది ఫేస్‌బుక్ వాడుకరులకు, వారికి చెప్పకుండానే, కనిపించే పోస్టుల పాళ్ళు మార్చి భావోద్వేగాలను కొలిచిన ప్రయోగం 2014లో ప్రచురితమైనప్పుడు వచ్చిన విమర్శ ఎక్కువగా నీతి గురించే సాగింది. ఒకరు రాసిన పదాలు ఆ మనిషి మనసుకు ఏ మేరకు ఆనవాళ్ళన్న ప్రశ్నకు మాత్రం దక్కవలసినంత చోటు దక్కలేదు.

వెల్గటూర్ మండలంలోనే ఉన్న కోటిలింగాల చరిత్ర ఇక్కడ పనికివస్తుంది. గోదావరిలో పెద్దవాగు కలిసేచోట ఉన్న ఆ గ్రామంలో సంగనభట్ల నరహరి శర్మ సేకరించిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించగా, గోబద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు, సాతవాహన సిముకుడిదిగా గుర్తించిన పేరు వెలుగు చూశాయి. నేల మీద దొరికిన నాణెం విలువైనదే అయినా అది ఏ మట్టిపొరకు చెందినదో చెప్పలేదు కాబట్టే తరువాత పురావస్తు శాఖ తవ్వకాలు అవసరమయ్యాయి. సందర్భం నుంచి ఊడివచ్చిన స్క్రీన్‌షాట్ కూడా పైన దొరికిన నాణెమే. ఎవరికి జవాబుగా, ఏ గొడవ తరువాత, ఎవరు వింటుండగా అన్నది తెలిసేదాకా దాని కాలం, స్థానం తేలవు.

దొరికినదాని కంటే దొరకనిది ఇంకా ఇబ్బంది పెడుతుంది. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధి అనే వేరే ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. నేల మీద కుండ కనిపించకపోవడమే అక్కడ కుండ లేదన్న జ్ఞానానికి సాధనమని వారి మతం. అయితే ఉంటే కనిపించి తీరవలసిన వస్తువు విషయంలోనే ఆ మాట చెల్లుతుంది, చీకటి గదిలో చెల్లదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33.3 శాతం, పురుషులు 57.1 శాతం, తెలంగాణలోనూ ఆ అంతరం పెద్దదే. కోరుట్ల వైపు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని వెయ్యి బీడీలకు ఇంత అన్న కూలికి చుట్టే ఆడవారి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. ఫోను ఇంట్లో ఉన్నా అది కొడుకుదో మరిదిదో అయి ఉండవచ్చు. గ్రూపులో చేరినా, మగవాళ్ళంతా వింటున్నచోట భర్త పంపని డబ్బు గురించి ఆమె నోరు విప్పకపోవచ్చు. వలస కుటుంబాల స్త్రీలకు ఫిర్యాదులు లేవని ఆ మౌనం నుంచి నిర్ణయించడం చీకటి గదిలో కుండ లేదనడమే.

చట్టం ఈ లోతుకు రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తానే బహిరంగం చేసిన వివరాలను తన పరిధి నుంచి తప్పించి, పరిశోధనకు నిర్దిష్ట ప్రమాణాల మేరకు మినహాయింపునిచ్చింది. పేర్లు తీసేస్తే చాలనే ధీమా కూడా నిలవదు: 2008లో ఒక విద్యాసంస్థ పేరు దాచి విడుదల చేసిన ఫేస్‌బుక్ వివరాలు హార్వర్డ్ విద్యార్థులవని కొద్దికాలంలోనే బయటపడింది. ఫలానా ఏడు మస్కట్ పోయి, ఫలానా ఏజెంటు చేతిలో మోసపోయి, కల్లివెల్లి అయి తిరిగివచ్చినవాడంటే అతడెవరో చిన్న ఊళ్ళో ఎవరైనా చెబుతారు.

గ్రూపులోకి పరిశోధకుడు తానెవరో చెప్పి వస్తే మాటలు మారిపోతాయని, సహజత్వం చెడుతుందని అనుభవవాదుల ఆక్షేపణ. మారతాయన్నది నిజమే. కానీ అప్పుడు ఆ కార్మికుడు అడిగినవాడికి తెలపాలని తెలుపుతాడు, దాచాలనుకున్నది దాస్తాడు. వాత్స్యాయనుడు చెప్పిన రెండవ లక్షణం అప్పుడే నెరవేరుతుంది. అందుకు అడ్మిన్ ఒక్కడి ఒప్పుదల సరిపోదు, ఎందుకంటే గ్రూపులో ఎవరిని చేర్చాలో అతడు నిర్ణయించగలడు గానీ, మిగతా సభ్యులు ఎవరిని ఉద్దేశించి మాట్లాడాలో నిర్ణయించలేడు.