ఎంత ఉంటే చాలు: తొలి మౌంటెన్ బైకు, సంతోష నియమం

తక్కువ డబ్బుతో తొలి మౌంటెన్ బైకు కొనేవారికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. చేతిలో ఉన్న సొమ్ముకు ఏ సైకిలు మంచిది అన్నది ఒకటి. అసలు తనకు ఎంత ఉంటే చాలు అన్నది రెండోది. మొదటిదానికి దుకాణంలోనూ ఫోన్లోనూ బోలెడు జవాబులు దొరుకుతాయి. రెండోదానికి ఎవరికి వారే చెప్పుకోవాలి. అది తేలకుండా మొదటిది తేలదు కాబట్టి ఇది ఉత్త బేరం కాదు, దర్శనాలు ఎప్పటినుంచో పట్టించుకున్న ప్రశ్న.

పతంజలి చెప్పిన ఐదు నియమాల్లో శౌచం తర్వాతది సంతోషం. వాడుకలో ఈ మాటకు ఆనందమనే అర్థం స్థిరపడింది గానీ యోగశాస్త్రంలో దాని అర్థం వేరు. దగ్గరున్న సాధనానికి మించి సంపాదించుకోవాలన్న కోరిక లేకపోవడమే సంతోషమని యోగసూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం చెబుతుంది. బరువంతా ‘సాధనం’ అన్న మాట మీదే ఉంది. సాధనం అంటే ఒక పని జరగడానికి కావలసినది. ఏ పనో చెప్పకపోతే ఎంత చాలునో చెప్పలేం. అరిస్టాటిల్ కూడా ‘రాజనీతి’ మొదటి భాగంలో దాదాపు ఇదే దారిన వెళ్లాడు. ఏ వృత్తిలోనైనా పనిముట్ల పరిమాణానికీ సంఖ్యకూ ఒక హద్దు ఉంటుంది, ఇల్లు గడవడానికి కావలసిన సంపదా అలాంటి పనిముట్టే కనుక దానికీ హద్దు ఉందన్నాడు. ఇద్దరి లెక్కలోనూ హద్దును నిర్ణయించేది పని. జేబు ఆ తర్వాతే వస్తుంది.

అలాగని డబ్బు తక్కువగా ఉండటమే సంతోషం కాదు. జైనులు ఈ తేడాను నిక్కచ్చిగా పట్టుకున్నారు. సన్యాసికి అపరిగ్రహం, అంటే ఏదీ తనదిగా ఉంచుకోకపోవడం, మహావ్రతం. గృహస్థుకు అంత సాధ్యపడదు కనుక ఐదో అణువ్రతంగా పరిగ్రహ పరిమాణాన్ని చెప్పారు. పొలం, ఇల్లు, బంగారం, ధాన్యం ఇంతకు మించి ఉంచుకోనని గృహస్థు తనకు తానే కొలత పెట్టుకుంటాడు. తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి పరిగ్రహాన్ని ‘మూర్ఛ’ అని నిర్వచించాడు. వస్తువు దగ్గరుండటం కాదు, దాని మీది మైకమే పరిగ్రహం. జేబు పెట్టిన హద్దూ మనిషి పెట్టుకున్న హద్దూ అంకెల్లో ఒకటే కావచ్చు. 25,000 రూపాయలే ఉన్నాయి కనుక ఆ ధరలో సైకిలు కొని, రాత్రిళ్లు లక్షల ఖరీదు సైకిళ్ల బొమ్మలు చూస్తూ దిగులుపడే మనిషికి హద్దు ఉంది, వ్రతం లేదు. ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. లేనివారికి సంతోషాన్ని బోధించడం అన్యాయం. ఈ నియమం ఎవరికి వారు పెట్టుకోవలసిందే తప్ప ఒకరు మరొకరి నెత్తిన రుద్దేది కాదు.

తొలి సైకిలు విషయంలో చిక్కేమిటంటే, పని ఏమిటో కొనేవారికి ఇంకా తెలియదు. కొండదారి తొక్కి చూడనివారు తాము ఎలాంటి తొక్కుడు ఇష్టపడతారో ముందే ఎలా చెప్పగలరు? ఆ ఖాళీని ఊహ నింపుతుంది. వీడియోల్లో బండరాళ్ల మీంచి దూకే మనిషిలో కొనేవారు తమను చూసుకుంటారు, ఆ మనిషి కోసం సైకిలు కొంటారు. తీరా తొక్కేది వేరే మనిషి. హైదరాబాదులో ఉండి, వారమంతా తారురోడ్డు మీద తిరిగి, ఆదివారం వికారాబాద్ దగ్గరి అనంతగిరి మట్టిదారుల్లోకి వెళ్లేవారి అవసరం వేరు. ఆ అవసరం కూడా కొన్నాళ్లు తొక్కితే గానీ పూర్తిగా బయటపడదు. కాబట్టి తక్కువ ఖర్చు ఇక్కడ గతిలేక చేసే సర్దుబాటు కాదు. తెలిసింది తక్కువైనప్పుడు పందెం కూడా చిన్నదిగా ఉండటమే వివేకం.

ఊహకు లొంగిన కొనుగోలు ఎలా ఉంటుందో చూడాలంటే, చవక ధరలో ముందూ వెనకా షాకులున్న సైకిలును చూస్తే చాలు. మోటారు సైకిలులా కనిపిస్తుంది, చూసినవారి కళ్లు నిలుస్తాయి. కానీ వెనక సస్పెన్షన్ అంటే ఒక స్ప్రింగు మాత్రమే కాదు. ఫ్రేములో కదిలే కీళ్లు, వాటికి బేరింగులు, స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అదుపుచేసే ఏర్పాటు కావాలి. అవన్నీ సరిగా చేయాలంటే ఖర్చవుతుంది. ఉన్న కొద్ది డబ్బూ వాటికి పంచితే చక్రాలకూ బ్రేకులకూ గేర్లకూ మిగిలేది అంతంతమాత్రం. అదుపులేని స్ప్రింగు తొక్కిన ప్రతిసారీ కిందికీ పైకీ ఊగుతూ కాలి బలంలో కొంత మింగేస్తుంది. అదనపు ఇనుపబరువు ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పిస్తుంది. అదే డబ్బుకు వెనక షాకులేని, గట్టి ఫ్రేమున్న సైకిలు చాలా మేలు. చవక షాకు కంటే ముందు కూడా షాకులేని మామూలు ఫోర్కే నయమన్న మాటలోనూ బలముంది. గాలి కాస్త తగ్గించిన వెడల్పాటి టైర్లు చిన్న గతుకులను అవే మింగుతాయి.

మిగిలిన ఎంపికలో ఫ్రేము సైజుదే మొదటి స్థానం. సరిపడని సైజును ఏ సామానూ సరిదిద్దలేదు. తర్వాత బ్రేకులు, చక్రాలు. వెనక చక్రాన్ని దగ్గరగా చూస్తే ఒక ముఖ్యమైన తేడా తెలుస్తుంది. పళ్లచక్రాల గుత్తి హబ్బు మీద మరలాగా తిరిగి బిగుసుకునే పాత పద్ధతి ఫ్రీవీలు అయితే, ఆ పక్క బేరింగు లోపలికి ఉండిపోయి ఇరుసు కొస ఆధారం లేకుండా బయటికి పొడుచుకు వస్తుంది. రాళ్ల దారిలో అది వంగిపోవచ్చు. క్యాసెట్ హబ్బులో బేరింగు చివరికంటా ఉంటుంది కనుక ఇరుసు తట్టుకుంటుంది. ఇక సొమ్మంతా సైకిలుకే పోయకూడదు. హెల్మెటు, పంపు, ఒక అదనపు ట్యూబు, తాళం కూడా ఈ లెక్కలోవే.

ఇవన్నీ తెలిసేది ఎలా? న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను చెప్పింది. శబ్దమంటే ఆప్తుడి మాట. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలని కోరేవాడు ఆప్తుడని న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు వివరించాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా అన్నాడు. అంటే కులంతో, పదవితో పనిలేదు. అమ్మేవారికి తెలివి ఉన్నా, ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక లాభం దగ్గర సన్నగిల్లవచ్చు. ఏళ్ల తరబడి సైకిళ్లు విప్పి బిగించిన మెకానిక్కుకు ఈ ధరలో ఏ సామాను మూడు నెలలకే తిరిగొస్తుందో తెలుసు, దాచవలసిన అవసరమూ తక్కువ. ఆప్తవాక్యం వినవలసింది అక్కడ.

పాత సైకిలు కొనేటప్పుడు ప్రత్యక్షానిదే పైచేయి. హ్యాండిలు కింద గొట్టాలు కలిసే అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి చూస్తే, రంగులో వెంట్రుకంత గీత కనిపించవచ్చు. అది పగులైతే బేరం అక్కడితో ఆపేయాలి. చక్రాన్ని పైకెత్తి తిప్పి, రిమ్ము బ్రేకు దగ్గర ఊగుతోందేమో చూడాలి. పెడలు కడ్డీని పట్టుకుని పక్కకు ఊపితే టకటకమంటే బేరింగు అరిగినట్టు. అరిగిన చైనుతో చాలాకాలం తొక్కి ఉంటే పళ్లచక్రాలూ అరుగుతాయి, వాటి ఖరీదు కూడా కలిపి చూస్తేనే పాత సైకిలు అసలు ధర తెలుస్తుంది.

పతంజలి కూడా చెప్పిన అపరిగ్రహాన్ని వివరిస్తూ వ్యాసభాష్యం వస్తువులకు ఐదు దోషాలు చెప్పింది: ఆర్జనం, రక్షణం, క్షయం, సంగం, హింస. సంపాదించే బాధ, కాపాడే బాధ, తరిగిపోతుందన్న బాధ, తగులుకుపోవడం, ఇతర ప్రాణులకు కీడు. సైకిలులో మొదటి మూడూ వెంటనే కనిపిస్తాయి. ఖరీదు పెరిగేకొద్దీ దాన్ని రాయి మీదికి ఎక్కించడానికి చెయ్యి రాదు, బయట వదిలిరావడానికి మనసొప్పదు. కొండ కోసం కొన్నది ఇంట్లో గోడకు ఆనుకుని ఉంటుంది. సాధనం పనిని వదిలి తానే పనిగా మారడం అంటే ఇదే, మూర్ఛ అన్నదీ దీన్నే. హింస అన్నది దారి మీద కనిపిస్తుంది. వెనక చక్రాన్ని బ్రేకుతో బిగించి జారిస్తే తడిమట్టిలో గాడి పడుతుంది, వాన నీరు ఆ గాడి వెంటే పారి దారిని కోస్తుంది. ఈ దోషానికి ధరతో సంబంధం లేదు. తొక్కే చేతిలో ఉంది.

మౌంటెన్ బైకు పుట్టుక కూడా తక్కువ డబ్బుతోనే ముడిపడి ఉంది. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 1970లలో కొందరు యువకులు 1930లనాటి బరువైన, లావు టైర్ల పాత సైకిళ్లను కొద్ది డాలర్లకు సేకరించి మట్టికొండల మీంచి దిగేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర తొలి రీప్యాక్ పందెం జరిగింది. మూడున్నర కిలోమీటర్లలోపే దాదాపు 400 మీటర్లు దిగే దారి అది. ఆ సైకిళ్లకు వెనక్కి తొక్కితే పడే హబ్బు బ్రేకు ఉండేది. కిందికి చేరేసరికి హబ్బు కాగిపోయి లోపలి గ్రీజు పొగై పోయేది, మళ్లీ హబ్బు విప్పి గ్రీజు దట్టించాల్సి వచ్చేది. రీప్యాక్ అంటే మళ్లీ దట్టించడం, పందేనికి ఆ పేరు వచ్చింది అందుకే. గ్యారీ ఫిషర్ తన పాత సైకిలుకు డ్రమ్ము బ్రేకులూ గేర్లూ బిగించాడు. పాత ఫ్రేములు విరుగుతూ ఉండటంతో జో బ్రీజ్ 1977లో ఈ పనికే ప్రత్యేకంగా కొత్త ఫ్రేము కట్టాడు. బ్రేకు కాలిపోయాక మంచి బ్రేకు, ఫ్రేము విరిగాక గట్టి ఫ్రేము. ఏది చాలదో కొండే చెప్పింది, అది చెప్పిన తర్వాతే ఖర్చుపెట్టారు.